137 దగ్గర ఆపేస్తన్నా, బీరు నోటుబుక్కు కొన్నాళ్ళు మూస్తన్నా

పటమట నోటుబుక్కు | విజయవాడ | ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. పాతవాళ్ళకి తెలుసు, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం మళ్ళీ చెప్తన్నా. 2017 డిసెంబర్ నుంచి నేనొక లాంగ్ నోటుబుక్కులో, తాగిన ప్రతి కొత్త బీరుకీ ఒక పేజీ రాస్తన్నా. రంగు, నురుగు, వాసన, చేదు, మింగాక నోట్లో ఏం మిగిలింది, అన్నీ తెలుగులోనే, మన వంటింట్లో మన సందులో ఉండే వాసనలతో పోల్చే రాయాలని పెట్టుకున్న రూలు. బీరు మీద రాసేవాళ్ళంతా వాళ్ళ ఊళ్ళో దొరికే పళ్ళు, వాళ్ళ బేకరీలో రొట్టెలు పెట్టి రాస్తారు. ఆ పళ్ళు నాకు తెలియవు. నాకు తెలిసింది చక్కెరకేళి, తాటిబెల్లం, మాగాయ టెంక, పెసలు వేయించేటప్పుడు వచ్చే వాసన. 200 అయ్యాక ఆపి దాన్నంతా శుభ్రంగా తిరగరాసి చిన్న పుస్తకంలా కుట్టించుకుందామని ఆశ.

మొన్న శనివారంతో 137 అయింది. అక్కడే ఆపేస్తన్నా.

సెప్టెంబర్లో వైరల్ జ్వరం వచ్చింది నాకు, అయిదు రోజులు మంచం మీదే. జ్వరం తగ్గింది గానీ ముక్కు పోయింది. రెండు వారాలు అసలు ఏ వాసనా లేదు, తర్వాత కొంచెం కొంచెంగా వచ్చింది కానీ వంకరగా వచ్చింది, కాఫీ డికాషన్ వాసన కాలిన రబ్బరులా ఉంటంది, మా ఆవిడ పోపు వేస్తే ఇంగువ తెలియట్లా, ఉల్లిపాయ వేగితే కుళ్ళినట్టు ఉంటంది. ఇట్టా ఉండి కూడా నాలుగు పేజీలు రాశా, అదీ నేను చేసిన తప్పు. 137వది పౌలానర్ గోధుమ బీరు. గ్లాసు దగ్గర పెట్టుకుని "మాగిన చక్కెరకేళి, వెనక లవంగం" అని రాశా. పక్కన కూర్చున్న మా బామ్మర్ది అడిగాడు, "బావా, నీకు నిజంగా వస్తందా ఆ వాసన?" అని. ఎగతాళికి అడగలా, నా ముక్కు సంగతి తెలుసు కాబట్టి అడిగాడు. నాకు ఏమీ రావట్లా. గోధుమ బీరంటే అరటిపండు, లవంగం ఉండాలి కాబట్టి రాశా. ఎనిమిదేళ్ళలో ఆ పుస్తకంలో నేను రాసిన మొదటి అబద్ధం అది. పేజీకి అడ్డంగా గీత కొట్టేశా, వెనక్కెళ్ళి 134, 135, 136 కి కూడా కొట్టేశా.

దీనికి తోడు మొన్న రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 8.6 వచ్చింది. ఆ రెండూ కలిపి ఇక్కడ నలుగురికీ చెప్పి ఆపుదామని. మానేయడం అని అనుకోట్లేదు, ముక్కు తిరిగొచ్చేదాకా మూసి పెట్టడం.

ఇంట్లో ఇంకా తెరవని బాటిళ్ళు పదకొండు ఉన్నయ్. వాటిని ఏం చెయ్యాలో కూడా చెప్పండి.

---

బ్రాడీపేట రాజా | గుంటూరు | ఆదివారం రాత్రి 11:17

అన్నా ఏందన్నా ఇది, ఇంత దూరం వచ్చి 200కి ఇంకా 63 ఉండగా ఆగేదేంది. నువ్వు పెట్టే పేజీలు చూసేగదన్నా నేను బీరు మెల్లగా తాగడం నేర్చుకుంది, అంతకుముందు చల్లగా ఉంటే చాలు గటగటా దించటమే నాకు తెలిసింది. నీకు తాగడం కుదరకపోతే వైన్ వాళ్ళు చేసినట్టు నోట్లో పోసుకుని ఊసేయొచ్చుగదా, యూరిక్ యాసిడ్ గొడవా ఉండదు. లేదంటే మీ బామ్మర్దితో వాసన చూపించి ఆయన చెప్పింది నువ్వు రాయి. ఆపబాకన్నా, ఒకసారి ఆపితే మళ్ళీ మొదలవదు, నా జిమ్ము అట్టాగే పోయింది.

---

పాత లాబ్ | విజయవాడ | సోమవారం ఉదయం 6:40

రాజా, నీ ఆత్రం అర్థమైంది గానీ అది కుదరదు నాయనా. నేను బ్రూవరీ క్వాలిటీ లాబ్‌లో చేసి రిటైరైనవాణ్ణి, అందుకని కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదువు.

నాలుక మీద తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా మాంసం పులుసులో ఉండే ఆ కమ్మదనం, అంతవరకే. మిగతా మనం రుచి అనేదంతా వాసనే. బీరు మింగాక గొంతు వెనకనించి ఆవిరి ముక్కులోకి ఎక్కుతుంది, అప్పుడు గానీ హాప్స్, అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు, పూర్తిగా తెలియవు, చేదు ఎంతసేపు నిలబడిందో కూడా మింగితేనే తెలుస్తుంది. అందుకే బీరు పరీక్షలో చిన్న గుక్కైనా మింగుతారు. ఊసేస్తే సగం పేజీ ఖాళీగా ఉంటుంది.

రెండోది, ఇంకొకరి ముక్కుతో రాసిన పేజీ ఈయన పేజీ కాదు. మా లాబ్‌లో జలుబు చేసినవాణ్ణి ఆ రోజు టేస్టింగ్‌కి కూర్చోనిచ్చేవాళ్ళం కాదు, ఎంత సీనియర్ అయినా సరే. వాసన తెలియనివాడు ఊరుకోడు, ఉండాల్సింది గుర్తు తెచ్చుకుని చెప్తాడు. సరిగ్గా పటమట ఆయనకి జరిగింది అదే. ఆయన గీత కొట్టిన నాలుగు పేజీలు చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆ అరటిపండు, లవంగం ఎక్కడివో కూడా చెప్తా. గోధుమ బీరులో ఎవరూ అరటిపండు వెయ్యరు. దానికి వాడే ఈస్ట్ పులిసేటప్పుడు ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్, అంటే పళ్ళ వాసనిచ్చే పదార్థం, చేస్తుంది, పండిన అరటిపండులో కూడా అదే ఉంటుంది. లవంగం వాసన 4-వినైల్ గ్వాయకాల్ వల్ల. పులియబెట్టే వేడి పెంచితే అరటిపండు ఎక్కువ, తగ్గిస్తే లవంగం ముందుకొస్తుంది. అంటే ఆ రెండూ ఎంతెంత ఉన్నాయనేదే ఆ పేజీకి ప్రాణం, దాన్ని ఊహించి రాయడం కుదరదు.

పటమట బాబూ, ముక్కుకి ఈఎన్‌టీ డాక్టర్‌ని కలువు. వాళ్ళు వాసన అభ్యాసం చెప్తారు. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగూ పొద్దున సాయంత్రం ఒక్కోటి 10-20 సెకన్లు మెల్లగా పీలుస్తూ, అసలు ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ. జర్మనీలో హుమ్మెల్ అనే ఆయన బృందం 2009లో చేసిన పద్ధతి ఇది, 12 వారాలు. తొందరపడితే రాదు.

---

లేబుల్ పిచ్చి | గుంటూరు | సోమవారం ఉదయం 8:05

137 పేజీలంటే మాటలా. మీ గిన్నెస్ బీరు పేజీ ఒక్కసారి పెట్టండి సార్, ఇక్కడ చాలామంది చదవలా.

---

ఉండవల్లి టీచర్ | సోమవారం ఉదయం 9:30

నేను బయోకెమిస్ట్రీ చెప్తాను కాలేజీలో. యూరిక్ యాసిడ్ సంగతి కొంచెం రాస్తానండి, ఇక్కడ చాలామందికి మటన్ మానేస్తే చాలనే నమ్మకం ఉంది. మద్యం ఏదైనా కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ని బయటికి పంపడాన్ని తగ్గిస్తుంది. బీరు అదనంగా ఇంకో పని చేస్తుంది, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నుంచీ ఈస్ట్ నుంచీ వచ్చే ప్యూరిన్లు అందులో ఉంటాయి, ముఖ్యంగా గ్వానోసిన్, అది ఒంట్లో మళ్ళీ యూరిక్ యాసిడే అవుతుంది. అందుకని ఆల్కహాల్ లేని బీరు తాగొచ్చుగా అని ఎవరైనా సలహా ఇస్తే, దాంట్లోనూ ప్యూరిన్లు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. మగవాళ్ళకి 7 దాటితే ఎక్కువ కిందే లెక్క. మీది 8.6. బొటనవేలు ఒకరాత్రి ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అప్పుడు తెలుస్తుంది, ఆ దాకా తెచ్చుకోకండి. మన వేసవిలో చెమటకి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఇంకా ఎక్కువ అవుతుంది, ఆపినా నీళ్ళు మాత్రం బాగా తాగండి, డాక్టర్ చెప్పిన టైముకి మళ్ళీ పరీక్ష చేయించండి.

---

పటమట నోటుబుక్కు | సోమవారం రాత్రి 9:48

మాస్టారూ, టీచర్ గారూ, చాలా థ్యాంక్స్ అండి. నీలగిరి తైలం ఇంట్లోనే ఉంది, లవంగం డబ్బా పక్కనే పెట్టా, గులాబీ అత్తరు రేపు వన్ టౌన్ వెళ్ళినప్పుడు తెస్తా. ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్ గురువారం.

లేబుల్ పిచ్చి గారు అడిగారు కాబట్టి కొన్ని పేజీల్లోంచి రాస్తన్నా, ఇవి ముక్కు బాగున్నప్పటివి.

గిన్నెస్: "నల్లగా ఉంది, వెలుతురికి పెడితే అంచున దానిమ్మ రంగు. నురుగు పెరుగు మీద మీగడలా కదలకుండా కూర్చుంది. వాసన కాఫీ గింజలు వేయించే కొట్టు ముందు నించి నడిచినట్టు, కింద ఎక్కడో మాడిన అన్నం అడుగు. చేదు కాకరకాయది కాదు, మెంతులు కాస్త ఎక్కువ వేగితే వచ్చే చేదు." తర్వాత చదివి తెలుసుకున్నా, మాల్ట్ చెయ్యని బార్లీని మాడ్చి వేస్తారంట దాంట్లో, ఆ డబ్బాలో చిన్న ప్లాస్టిక్ బంతి ఉంటది, తెరవగానే నైట్రోజన్ వదిలి ఆ మీగడ నురుగు కట్టిస్తది.

హోగార్డెన్: "ధనియాలు. అనుమానం లేదు, రోట్లో అప్పుడే చితక్కొట్టిన ధనియాలు, కమలా తొక్క గిల్లితే కళ్ళల్లో పడే తుంపర." దాంట్లో నిజంగానే ధనియాలూ నారింజ తొక్కా వేస్తారని నాకు అప్పటికి తెలియదు, తెలిశాక ఆ రాత్రి నిద్రపట్టలా సంతోషానికి, నా ముక్కు నిజం చెప్పిందని.

పిల్స్‌నర్ ఉర్కెల్: "కొత్త గడ్డివాములో తడి. తేనె కలిపిన అటుకులు. చివర్లో వేపపువ్వు పచ్చడిలో పువ్వు పంటి కింద పడ్డట్టు చిన్న చేదు, వెంటనే పోయింది." 1842లో చెక్ దేశంలో పిల్జెన్ ఊళ్ళో యోసెఫ్ గ్రోల్ అనే ఆయన కాచిన బీరు అది, ఇయ్యాళ మన వైన్స్‌లో దొరికే లైట్ బీర్లన్నీ దాని సంతానమే.

ష్లెంకెర్లా అని బాంబెర్గ్ ఊరి పొగ బీరు, మా ఫ్రెండ్ జర్మనీ నించి వస్తా ఒకటి తెచ్చాడు: "మా అమ్మమ్మ గారి ఊళ్ళో కట్టెల పొయ్యి మీద ఉట్టిలో వేలాడగట్టిన ఎండుచేపలు. తాగుతుంటే కూడా అదే. రెండో గ్లాసుకి ఆ ఇల్లంతా కళ్ళముందుకొచ్చింది." ఇంతకంటే నాకు బీరు గురించి రాయడం రాదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. నిన్న కూర్చుని లెక్క వేశా. 2017 డిసెంబర్ నుంచి 2019 సెప్టెంబర్ దాకా 47 పేజీలు. 2019 అక్టోబర్లో ఇక్కడ ప్రభుత్వ షాపులొచ్చాక మనకి తెలిసిన బ్రాండ్లు చాలా వరకు కనపడలా, ఆ అయిదేళ్ళూ హైదరాబాద్ బెంగళూరు వెళ్ళినప్పుడు అక్కడే కూర్చుని రాసుకోవాల్సి వచ్చింది, 38 పేజీలు. 2024 అక్టోబర్ 16న మళ్ళీ ప్రైవేటు షాపులు తెరిచారు గదా, అక్కడ్నించి ఈ ఒక్క ఏడాదిలో 52. అయిదేళ్ళ ఆకలి ఒక్కసారి తీర్చుకున్నట్టు. ఆ 52 పేజీలు చదువుతుంటే బాధేసింది, "బాగుంది, చల్లగా ఉంది, చేదు తక్కువ" ఇదే మాట పదిహేను చోట్ల ఉంది. 38 పేజీల కాలంలో ఒక బీరుకి రెండు పేజీలు పట్టిన రోజులున్నయ్. ముక్కు పోకముందే నేను నంబరు కోసం తాగడం మొదలుపెట్టాను, అది నిజం.

---

బ్రాడీపేట రాజా | సోమవారం రాత్రి 10:15

అన్నా ఆ ఎండుచేపలది చదివి ఏం మాట్లాడాలో తెలియట్లా. సరే ఆపు. నేనన్నది వెనక్కి తీసుకుంటన్నా.

---

సింగ్‌నగర్ బుడమేరు | విజయవాడ | సోమవారం రాత్రి 11:02

అన్నా ఆపేముందు ఒక్క పని చెయ్యి, ఆ నోటుబుక్కు ప్రతి పేజీ ఫోటో తీసి రెండు చోట్ల దాచు. ఇది ఊరికే చెప్పట్లా. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు మాది గ్రౌండ్ ఫ్లోరు, తెల్లారేసరికి మంచం మునిగింది, అమ్మనీ పిల్లల్నీ మేడ మీదకి ఎక్కించడంలోనే సరిపోయింది. పన్నెండేళ్ళ నించి నేను నానబెట్టి ఊడదీసి ఆరబెట్టి ఆల్బమ్‌లో అతికించుకున్న బీరు లేబుళ్ళు, 400 పైనే, కింద బీరువాలో ఉన్నయ్. నీళ్ళు తీసేశాక చూస్తే ఆల్బమ్ మొత్తం ఒక బురద ఇటుక అయింది. గోల్డెన్ ఈగిల్ పాత లేబులొకటి ఉండేది, మా నాన్న దాచింది, అది పోయింది. ఇంట్లో అంత పోయినప్పుడు దాని గురించి ఏడవటానికి నోరు రాలా ఎవరి దగ్గరా. ఇక్కడే మొదటిసారి రాస్తన్నా.

ఫోటోలు తియ్యి అన్నా. ఇయ్యాళే.

---

పటమట నోటుబుక్కు | సోమవారం రాత్రి 11:40

తమ్ముడూ ఇప్పుడే మొదలుపెట్టా, 30 పేజీలు అయినయ్. మీ నాన్నగారి లేబుల్ గురించి చాలా బాధగా ఉంది. నా దగ్గర లేబుళ్ళు ఓ అరవై దాకా ఉన్నయ్, రెండేసి ఉన్నవి నీకే, ఎప్పుడొస్తావో చెప్పు.

---

కావలి అక్క | ఇప్పుడు గుంటూరు | మంగళవారం మధ్యాహ్నం 1:20

నేను ఈ చోటకి మా అబ్బాయి వల్ల వచ్చాను, మామూలుగా ఏమీ రాయను. బాబూ నీ రాత బాగుంది, ఎండుచేపల ఇల్లు మా ఇల్లే అనిపించింది. అయినా నా మాట ఒకటి చెప్పాలి.

మాది నెల్లూరు జిల్లా. దూబగుంటలో రోశమ్మా వాళ్ళూ సారా కొట్లు మూయించినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా, 1992. మా ఊళ్ళో కూడా ఆడవాళ్ళు చీపుర్లు, కారం పట్టుకుని వెళ్ళారు, మా అమ్మ వెళ్ళింది. 93 అక్టోబర్లో సారా ఆపారు, 95 జనవరిలో మద్యం మొత్తమే ఆపారు, 97లో మళ్ళీ తెరిచారు. ఆ రెండేళ్ళు మా అన్నయ్య మనిషిలా ఉన్నాడు. తెరిచాక మళ్ళీ మొదలు, మొదట బీరేగదా అనేవాడు. 2006లో పోయాడు, 41 ఏళ్ళకి. నువ్వు మా అన్నయ్య లాంటోడివని అనట్లేదు, రెండు పేజీలు రాసేవాడు అట్టా తాగడు. కానీ "ముక్కు వచ్చేదాకా" అని గడువు పెట్టుకున్నావే, ముక్కు వచ్చాక కూడా ఒంట్లో ఆ నంబరు తగ్గకపోతే తెరవబాకు. రాసే చెయ్యి మంచిది నీకు, దేని మీదైనా రాస్తది.

---

పటమట నోటుబుక్కు | మంగళవారం రాత్రి 8:55

అక్కా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా. గడువు మార్చుకుంటన్నా. ముక్కొక్కటే కాదు, యూరిక్ యాసిడ్ తగ్గి డాక్టర్ సరేనంటేనే తెరుస్తా, లేదంటే 133 దగ్గరే కుట్టించేస్తా, గీత కొట్టిన నాలుగూ తీసేసి. మీ అన్నయ్య గారి గురించి ఇక్కడ చెప్పినందుకు దణ్ణం పెడతన్నా.

---

మిర్చియార్డ్ ఏసీ గోడౌన్ | గుంటూరు | బుధవారం ఉదయం 7:15

మా పని మిరప కోల్డ్ స్టోరేజీ, అందుకని ఆ పదకొండు బాటిళ్ళ మీద నా బుర్ర తిరుగుతంది రెండు రోజుల్నించి. ఎక్కడ పెట్టారు సార్ వాటిని? మన దగ్గర బీరు చెడేదంతా వేడికే. మిరపకాయ రంగు పోకుండా మేము ఏడాది చలిలో పెడతాం, అదే కాయ రోహిణి కార్తెలో బయట రేకుల షెడ్డులో ఉంచితే నెలకే తెల్లబారిద్ది. బీరుకీ అంతేగా. లారీ ఎండలో నిలబడి, షాపు వెనక స్టాకు రేకుల కింద పడుంటే, లేబుల్ మీద డేటు ఎంత ముందుదైనా లోపల సరుకు ముసలిదైపోద్ది. నేను పోయిన మేలో ఒక షాపులో కొన్న ఐపీఏ, హాప్స్ ఎక్కువ వేసే రకం బీరు, తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన, ఇంకేం లేదు.

ఇంకోటి, కారంతో బీరు తాగి రేటింగులు ఇచ్చేవాళ్ళకి ఒక మాట. గుంటూరు కారం తిన్నాక బీరు తాగితే మంట తగ్గదు, గ్యాసూ ఆల్కహాలూ ఇంకా ఎగదోస్తయ్. మిరపకాయ బజ్జీ తిని రాసిన నోట్సు పనికిరాదు, పటమట సార్ ఎప్పుడూ ముందు రాసి తర్వాత తింటాడని గమనించా, అది పద్ధతి.

---

పాత లాబ్ | బుధవారం ఉదయం 9:10

గోడౌన్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మాలో ఒక మోటు లెక్క ఉండేది, 3-30-300 అని. 32 డిగ్రీల దగ్గర 3 రోజులు, 22 దగ్గర 30 రోజులు, 3 దగ్గర 300 రోజులు, మూడు చోట్లా బీరు దాదాపు ఒకే అంత ముసలిదవుతుంది. ఇప్పుడు బెజవాడ మే నెల గుర్తు తెచ్చుకోండి, 45 దాటిన రోజులు చూశాం మనం. ఆ అట్టపెట్టె వాసన ట్రాన్స్-2-నోనెనాల్ వల్ల, కొద్దిగా ఉన్నా పట్టేస్తుంది ముక్కు. వెలుతురిది వేరే జబ్బు, పచ్చసీసాలో బీరు ఎండలో పెడితే హాప్స్ చేదు విరిగి గంధకపు గబ్బు కొడుతుంది, బ్రౌన్ సీసా చాలావరకు ఆపుతుంది, డబ్బా పూర్తిగా ఆపుతుంది. షాపు వాడు అద్దాల ముందు అందంగా పేర్చిన పచ్చసీసా ఎప్పుడూ కొనకండి, వెనక పెట్టెలోంచి తియ్యమనండి.

పటమట బాబూ, పదకొండూ ఏమేమిటో రాయి.

---

పటమట నోటుబుక్కు | బుధవారం రాత్రి 9:30

రాస్తన్నా మాస్టారూ. ఐపీఏలు మూడు డబ్బాలు. గోధుమ బీర్లు రెండు. స్ట్రాంగ్ లాగర్లు, మన షాపుల్లో మామూలుగా దొరికే రకం, రెండు, 650 ఎంఎల్ సీసాలు. ఒక స్టౌట్, గిన్నెస్ లాంటి నల్ల బీరు. షిమే బ్లూ అనే బెల్జియం బీరు ఒకటి, 9 శాతం ఆల్కహాల్. ఓర్వాల్ అనే బీర్లు రెండు, అవీ బెల్జియంవే, అక్కడ్నించి ఫ్రెండు తెచ్చినవి. అన్నీ ఫ్రిజ్జులో కింది అరలో ఉన్నయ్ గానీ మా ఫ్రిజ్జు చిన్నది, కూరగాయలకి చోటు లేదని ఇంట్లో ఇబ్బంది పడతన్నారు, మొహమాటానికి ఎవరూ నోరెత్తట్లా. పైగా మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోతే జనరేటరు లిఫ్టుకే.

---

పాత లాబ్ | బుధవారం రాత్రి 10:05

ఐపీఏలు ముందు ఇచ్చెయ్యి, ఈ వారమే. హాప్స్ వాసనే దాని ఆస్తి, అది రోజురోజుకీ పోయేదే, నీ ముక్కు కోసం ఆగదు. గోధుమ బీర్లూ అంతే, లేతగా తాగాల్సినవి. లాగర్లు, స్టౌట్ కూడా పంచెయ్యి, మళ్ళీ కొనుక్కోవచ్చు.

షిమే బ్లూ, ఓర్వాల్ రెండూ దాచు. షిమే సీసాలో బతికున్న ఈస్ట్ ఉంటుంది, ఆల్కహాలూ ఎక్కువ, ఏళ్ళు ఓర్చుకుంటుంది, ఎండుద్రాక్ష వాసన ఇంకా చిక్కబడుతుంది. ఓర్వాల్ ఇంకా విశేషం, సీసాలో పోసేటప్పుడు బ్రెట్టనోమైసిస్ అనే అడవి ఈస్ట్ కలుపుతారు, అది లోపలున్న చక్కెర మెల్లమెల్లగా తింటూనే ఉంటుంది. ఆరు నెలలకి ఒక బీరు, రెండేళ్ళకి ఇంకో బీరు. లేబుల్ మీద నింపిన తేదీ ఉంటుంది, దాన్నించి అయిదేళ్ళు గడువు ఇస్తారు. నువ్వు ఆగినంతకాలం అదీ పని చేస్తూనే ఉంటుంది, నీకోసం. నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు, వేడి ఎక్కీ దిగీ కాకుండా ఒకే తీరున ఉండాలి. ఇంట్లో వాళ్ళని ఇబ్బంది పెట్టి మాత్రం దాచకు.

---

మిర్చియార్డ్ ఏసీ గోడౌన్ | గురువారం ఉదయం 6:50

నా ఆఫీసు గదిలో విడిగా చిన్న ఫ్రిజ్జు ఉంది, జనరేటర్ లైను మీద, తాళం నా దగ్గరే. మూడు బాటిళ్ళేగా, నేను చూసుకుంటా. మిరపకాయ ఘాటు సీసాలోకి పోదులెండి, మూత గట్టిది.

---

లేబుల్ పిచ్చి | గురువారం ఉదయం 8:30

ఈలోగా ఇంట్లోనే కాసుకుంటే? బార్లీ మాల్టు ఆన్‌లైన్లో దొరుకుతంది, కిట్లు కూడా ఉన్నయ్. తాగకపోయినా మాల్టు ఉడికే వాసన చూడొచ్చుగదా.

---

పాత లాబ్ | గురువారం ఉదయం 9:02

వద్దు నాయనా. లైసెన్సు లేకుండా ఇంట్లో పులియబెట్టడం ఎక్సైజ్ చట్టం కింద నేరం, సరదాకైనా సరే. మాల్టు మటుకు నీళ్ళల్లో నానబెట్టి కాచి, ఈస్ట్ వెయ్యకుండా వడగట్టి వేడిగా తాగొచ్చు, అందులో తప్పేమీ లేదు, బార్లీ జావలాగే. ముక్కుకి మంచి సాధన.

---

బ్రాడీపేట రాజా | గురువారం సాయంత్రం 6:20

అన్నా నాకొక ఆలోచన వచ్చింది, నచ్చకపోతే వదిలెయ్. నోటుబుక్కు మూసేబదులు వెనకనించి తిప్పి రాయి. బీరు లేకుండా, దానిలో వచ్చే వాసనలు ఒక్కోటి విడిగా. ధనియాలకి ఒక పేజీ, పచ్చివీ వేయించినవీ దంచినవీ. కమలా తొక్క. తాటిబెల్లం కొత్తదీ పాతదీ. చక్కెరకేళి పచ్చగా ఉన్నప్పుడు, మచ్చలు పడ్డప్పుడు, నల్లబడ్డప్పుడు. తరవాణి పులుపు. ఇప్పుడు నీకు ఏది ఎంత వస్తందో అంతే రాయి, రాకపోతే రాలేదనే రాయి. అదైతే అబద్ధం కాదుగా. నేనూ మాలేసుకుంటన్నా వచ్చే సోమవారం, నలభై ఒక్క రోజులు నాకూ బీరు లేదు, నీతోపాటు నేనూ రాస్తా.

---

పటమట నోటుబుక్కు | గురువారం రాత్రి 10:30

రాజా, నచ్చకపోవడమేంటి. ఇట్టాంటిది నాకు తట్టలా ఇన్ని రోజులూ.

ఇయ్యాళ ఈఎన్‌టీ డాక్టరు కూడా మాస్టారు చెప్పిందే చెప్పారు, నాలుగు వాసనలు, మూడు నెలలు, నమ్మకంగా చెయ్యమన్నారు. వంకర వాసనలు వస్తన్నయ్ అంటే నరాలు మళ్ళీ అతుక్కుంటన్న గుర్తు కావచ్చన్నారు. ఇంటికొచ్చి వెనక అట్ట తిప్పి మొదటి పేజీ రాశా: "లవంగం. మొదటి అయిదు సెకన్లు ఏమీ లేదు. తర్వాత పంటినొప్పికి చిన్నప్పుడు అమ్మ దూది పెట్టినప్పటి చల్లదనం ముక్కు లోపల. వాసన అనలేను. చల్లదనం మాత్రం ఉంది."

---

పటమట నోటుబుక్కు | ఆదివారం సాయంత్రం 5:15, అయిదు వారాల తర్వాత

కబురు చెప్దామని వచ్చా. ఐపీఏలూ గోధుమ బీర్లూ స్టౌటూ బామ్మర్దికీ వాళ్ళ ఫ్రెండ్స్‌కీ ఇచ్చేశా అప్పుడే, స్ట్రాంగ్ రెండూ మా పై ఫ్లోర్ ఆయన తీసుకున్నారు. ఇయ్యాళ పొద్దున బండి మీద షిమే, ఓర్వాళ్ళు రెండూ తడిగుడ్డ చుట్టి పట్టుకెళ్ళి కాజ టోల్‌గేట్ దగ్గర గోడౌన్ గారికి అప్పజెప్పా, ఆయన ఐస్ పెట్టె తెచ్చారు, థర్మామీటరు కూడా వేసి 5 డిగ్రీలు ఉందని చూపించారు, టీ తాగి వచ్చా. సింగ్‌నగర్ తమ్ముడు పోయిన వారం ఇంటికొచ్చి 22 లేబుళ్ళు తీసుకెళ్ళాడు, గోల్డెన్ ఈగిల్ మటుకు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరైనా పాతది రెండోది ఉంటే అతనికి రాయండి దయచేసి.

యూరిక్ యాసిడ్ 7.4. తగ్గింది, ఇంకా తగ్గాలి.

నిమ్మ బాగా వస్తంది. నీలగిరి వస్తంది. లవంగం సగం. గులాబీ ఇంకా రాలా, తడి మట్టిలా ఉంటంది. కాఫీ రబ్బరు వాసన కొంచెం తగ్గి కాలిన పల్లీల్లా మారింది. నిన్న ధనియాల పేజీ రాశా, వేయించినవి తెలిసినయ్, పచ్చివి తెలియలా. వెనకనించి ఇప్పటికి 19 పేజీలు.

రాజా, స్వామీ, నీ తరవాణి పేజీ ఎంతవరకొచ్చింది?

---

బ్రాడీపేట రాజా | ఆదివారం సాయంత్రం 6:02

స్వామి శరణం అన్నా. రెండో రోజు కుండలో ఉన్నదానికి రాశా, నాలుగో రోజుది రేపు పొద్దున. రెండో రోజుది కొత్త చింతచిగురు, కొంచెం ఇనప గరిటె. రేపటిది రాశాక రెండూ కలిపి ఫోటో పెడతా.